పది దాకా ఆగిన ఉరుము

బస్సు డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచింది జీతాల గుమాస్తా ఒక్కడే. అతనికి ఆ పేరు రాసుకోక తప్పదు కదా. మిగతా అందరికీ ఆమె ఉరుము. గొంతు అలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తగా చేరినవాళ్ళు అనుకునేవాళ్ళు. కాదు. భోజనాల వేళ ఖాళీ నూనె పీపాను బోర్లించి, రెండు స్పానర్లు పట్టుకుని వాయించేది. మొదటిసారి అలా వాయించిన రోజు డిపో గోడకు అవతలి ఇళ్ళవాళ్ళు వాన ముంచుకొస్తోందనుకుని ఆరేసిన బట్టలన్నీ గబగబా లోపలికి తీసుకుపోయారు. ఆకాశంలో చూస్తే మబ్బు తునక లేదు. ఆ సాయంత్రం నుంచి ఆమె ఉరుము అయిపోయింది.

ఆమె సాధించినవి తక్కువేం కాదు. చదివింది పల్లెటూరి బడిలో. ఆ బడికి గంట లేదు, చూరుకు వేలాడగట్టిన ఇనుప పట్టా ముక్క ఉండేది. అంతమంది పిల్లల్లో దాన్ని కొట్టే పని హెడ్మాస్టరు ఈమెకే అప్పగించారు. ఊరికే ఇచ్చారా? లోపలికి రమ్మనే దెబ్బ ఒక తీరు, ఇంటికి పొమ్మనే దెబ్బ ఒక తీరు. పొలంలో నడుం వంచి పనిచేసేవాళ్ళు కూడా తల ఎత్తకుండానే "పిల్లల్ని వదిలేశారు" అనేవాళ్ళు. తర్వాత ఆ డిపోలో స్పానరు పట్టిన మొదటి ఆడమనిషి ఆమే. "చేతికి గాజులు వేసుకుని చక్రం ఎలా విప్పుతావమ్మా?" అని నవ్విన మేస్త్రీతోనే పందెం కాసింది. తను బస్సు చక్రం విప్పి, మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని వచ్చేసరికి మేస్త్రీ ఇంకా బస్సు కింద దొర్లిపోయిన బోల్టు కోసం తడుముకుంటున్నాడు. పందెంలో గెలిచిన గోడ గడియారం ఈ రోజుకీ ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా నడుస్తోంది.

ఇవన్నీ ఒక ఎత్తు, రాక్ సంగీతం ఒక ఎత్తు. మరమ్మతుకు వచ్చిన ఒక బస్సులో డ్రైవరు మర్చిపోయిన క్యాసెట్టు ఉంది. తుడుస్తూ తుడుస్తూ మీట నొక్కింది. అంతే, చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఆ పాట ఏ భాషో ఆమెకు తెలియదు. డ్రమ్ము వాయించేవాడి భాష మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ తెలిసినట్టే ఉంది. ఎవరి గోదాములోనో మూలన పడి ఉన్న డ్రమ్ముల సెట్టును ఇంటికి చేర్చి, చిరిగిన తోళ్ళు మార్చి, కాలితో తొక్కే పెడలుకు బస్సు బ్రేకు స్ప్రింగు బిగించింది. "ఈ పెడలు విరగాలంటే ముందు నేను విరగాలి" అని చెప్పుకునేది. ఆ మాట నిజమే. తోళ్ళు ఎన్నిసార్లు మారాయో గానీ పెడలు అదే.

తమ్ముడికి మంగలి షాపు. షాపులో జనం లేనప్పుడల్లా గిటారు పట్టుకునేవాడు, జనం ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి పట్టుకునేవాడు. సగం గెడ్డంతో కూర్చున్నవాళ్ళు పాట అయ్యేదాకా ఆగాల్సిందే. ఆమె అక్క మొగుడు, అంటే బావ, దర్జీ. ఆయన బేస్ గిటారు నేర్చుకున్నాడు. "దానికి తీగలు నాలుగే కదా, కుట్టు మిషను కంటే సులువు" అని మొదలుపెట్టి, ఆ మాట అన్నందుకు ఏళ్ళ తరబడి పశ్చాత్తాపపడ్డాడు. ఈ ముగ్గురూ కలిసి పెట్టిన బృందం పేరు పాత టైర్లు. డిపో వార్షికోత్సవాలు, ఫ్యాక్టరీ హాళ్ళు, పెళ్ళి విందులు ఎన్నిట్లో వాయించారో లెక్క లేదు. ఒకసారి కరెంటు పోయి గిటార్లు రెండూ నోరు మూసుకుంటే, జనం కుర్చీల్లోంచి లేవకుండా ఆమె ఒక్కతే డ్రమ్ముల మీద సభను నిలబెట్టింది. కరెంటు తిరిగి వచ్చినా "గిటార్లు వద్దు, ఆవిడనే వాయించనివ్వండి" అని జనం కేకలు వేశారు. ఆ సంగతి ఎత్తితే బావ ఇప్పటికీ మొహం మాడ్చుకుంటాడు.

ఇంతమంది చప్పట్లు కొట్టినా, ఇంట్లోనే ఉన్న ఒక మనిషి మాత్రం ఆమె వాయించగా ఒక్క పాట కూడా వినలేదు. ఆ మనిషి కూతురి కూతురు. ఇంట్లో అందరూ పిట్ట అంటారు.

పిట్ట ఇంకా పాకే వయసులో ఉండగా ఒక మధ్యాహ్నం డ్రమ్ముల పక్కనే చాప మీద నిద్రపోయింది. అమ్మమ్మ చూసుకోలేదు. వచ్చి కూర్చుని, వేళ్ళు విరుచుకుని, డ్రమ్ముల పక్కన కడ్డీకి తగిలించి ఉండే పెద్ద ఇత్తడి పళ్ళెం మీద ఒక్క దెబ్బ వేసింది. పిల్ల ఎగిరి పడి, ఊపిరి బిగబట్టి, మొహం నీలంగా మారి, ఆ తర్వాత వీధి వీధంతా వినేలా ఏడ్చింది. ఆనాటి నుంచీ అంతే. అమ్మమ్మ చేతిలో కర్రల సంచి కనబడిందా, రెండు చేతులతో చెవులు మూసుకుని మేడ మీదికి పరుగు. పై గది తలుపు, ఆ తర్వాత బీరువా వెనక సందు. అమ్మమ్మ కిందికి రమ్మంటే "నువ్వు కొడతావు" అనేది.

"నేనెప్పుడైనా నిన్ను కొట్టానా తల్లీ?"

"నన్ను కాదు. దాన్ని."

ఆ మాటా నిజమే. వాయించడం అంటే కొట్టడమే మరి.

అన్నీ పట్టుబట్టి సాధించిన మనిషికి ఇదొక్కటి గొంతులో ముల్లులా ఉండిపోయింది. కిందటేడు ఉద్యోగ విరమణ సభలో ఆమె వాయింపుకి డిపో అంతా లేచి నిలబడి కేకలు వేస్తుంటే, ఆమె కళ్ళు మాత్రం హాలు బయట గేటు దగ్గర తల్లి కొంగులో తల దూర్చిన పిల్లనే వెతికాయి.

ఆ సభకే టీవీలో పిల్లల కార్యక్రమం నడిపే అమ్మాయి ఒకతె వచ్చింది. ఆమె నాన్న అదే డిపోలో కండక్టరు. ఆ కార్యక్రమం పేరు గెంతులాట. రోజూ పొద్దున వస్తుంది. కుందేలు వేషం వేసుకున్న మామయ్య ఒకాయన పిల్లలతో ఆడిస్తాడు, పాడిస్తాడు, లెక్కలు చెప్పిస్తాడు. కొన్నాళ్ళకు ఆ అమ్మాయి వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది.

"అమ్మగారూ, పిల్లలకి అసలైన రాక్ బృందాన్ని చూపిద్దామని ఉంది. మీ ముగ్గురూ వస్తారా? పాత బస్సు పాట పాడితే చాలు."

పాత బస్సు పాట వాళ్ళు సొంతంగా కట్టుకున్నదే. కదలని బస్సును ప్రయాణికులంతా దిగి తోస్తారు, అది కదలగానే అందర్నీ వదిలేసి వెళ్ళిపోతుంది. అదీ కథ.

ఆమె జవాబు చెప్పే లోపలే మేడ మెట్ల మీద నుంచి పిట్ట గొంతు వినిపించింది. "కుందేలు మామయ్య దగ్గరికా? నేను కూడా వస్తా!"

అందరూ తలెత్తి చూశారు. పిల్లకు గెంతులాట అంటే ప్రాణం. పొద్దున పాల గ్లాసుతో టీవీ ముందు కూర్చుంటే అది అయ్యేదాకా పిలిచినా పలకదు.

"అక్కడ అమ్మమ్మ డ్రమ్ములు వాయిస్తుంది, మరి?" అంది తల్లి.

పిట్ట ఒక మెట్టు కిందికి దిగింది. "చెవులు మూసుకుంటా" అంది.

సరే, పిల్లల వరసలో దాన్ని కూడా కూర్చోబెడతామని ఆ అమ్మాయి ఒప్పుకుంది. కానీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్క మాట అమ్మగారూ. స్టూడియో చిన్నది, పిల్లలు నేల మీద దగ్గరగా కూర్చుంటారు. కొంచెం మెత్తగా వాయించాలి. ఒక్కళ్ళు ఏడుపు మొదలుపెడితే మిగతావాళ్ళంతా అందుకుంటారు. మళ్ళీ ఊరుకోబెట్టి తీయడం మా వల్ల కాదు."

"మెత్తగానా?" అంది ఆమె. ఆ మాట ఆమె నోట ఎప్పుడూ పలికింది కాదు.

దర్జీ షాపు మూసేశాక అక్కడే సాధన పెట్టుకున్నారు. డ్రమ్ముల మీద తువ్వాళ్ళు పరిచి వాయించి చూసింది. అది విని బావ చేతిలోని గిటారు కింద పెట్టేశాడు.

"ఏంటి మరదలా, పరుపులు దులుపుతున్నావా?"

"ఊరుకో బావా. పిల్లలు జడుసుకుంటారట."

"పిల్లలా, పిల్లా?"

తమ్ముడు తీగలు సవరించుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు: "అక్కా, ఇన్నేళ్ళు నిన్ను తగ్గించమని ఎంతమంది బతిమాలారు! కళ్యాణ మండపం మేనేజరు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. అప్పుడు కూడా తగ్గలేదే నువ్వు."

"మేనేజరు నా మనవరాలా?"

"అది సరే. కానీ ఇలా వాయిస్తే నువ్వు వాయించినట్టు కాదు. పిట్ట నీ డ్రమ్ము విన్నట్టూ కాదు."

"భయపడి పారిపోవడం కంటే నయమే కదా." ఆమె తువ్వాలు అంచు సరిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. బస్సుకి దుప్పటి కప్పి తోలినట్టుంది ఆమెకు. అయినా పళ్ళ బిగువున ఓర్చుకుంది. పిల్ల ఒక్క పాట పూర్తయ్యేదాకా అదే గదిలో కూర్చుంటే చాలు. అంతకు మించి అడగదలుచుకోలేదు.

ముగ్గురిలో ఒక్కళ్ళు కూడా ఆ కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. తమ్ముడికి పొద్దున షాపులో రద్దీ. బావ ఆ వేళకి ఇంకా నిద్ర లేవడు. ఇక ఆమె, పిట్ట పైన టీవీ గట్టిగా పెట్టుకుని కూర్చునే ఆ కాసేపే తనకు దొరికిన సమయమని, ఇంటి వెనక షెడ్డులో డ్రమ్ముల దగ్గర ఉండేది. చూసి ఉంటే జరిగింది జరిగేది కాదు. చూడకపోవడమే మంచిదైంది.

స్టూడియో అంటే ఎంత పెద్దదో అనుకున్నారు. తీరా చూస్తే డిపోలో రంగులు వేసే షెడ్డంత కూడా లేదు. అట్టముక్కతో చేసిన సూర్యుడు, వెనక మేకులు కొట్టిన గుడ్డ ఆకాశం, ఎక్కడ నిలబడాలో చెప్పడానికి నేల మీద అంటించిన రంగు టేపు ముక్కలు. పైన దీపాల వేడికి బావ చొక్కా అప్పుడే వీపుకు అంటుకుపోయింది. ఒక మూల స్టూలు మీద కుందేలు మామయ్య కూర్చుని ఉన్నాడు. కుందేలు తల ఒళ్ళో పెట్టుకుని, జలుబు చేసిన ముక్కు తుడుచుకుంటూ టీ తాగుతున్నాడు. పిట్ట ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నీ తల ఊడిపోయిందా?"

"లేదమ్మా, కాసేపు విప్పి పెట్టాను. చెమట పోస్తోంది."

"నొప్పి పుట్టదా?"

"పుట్టదు. కావాలంటే పట్టుకో."

పిట్ట ఆ తలను రెండు చేతులా పట్టుకుని, లోపలికి తొంగి చూసి, "చీకటి" అని చెప్పి తిరిగి ఇచ్చేసింది. ఉరుము దూరం నుంచి ఇదంతా చూసింది. తల తెగిన కుందేలును చూసి జంకని పిల్ల తనను చూసి బీరువా వెనక దాక్కుంటుందేమిటి అని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పిల్లల్ని తివాచీ మీద వరసగా కూర్చోబెట్టారు. పిట్ట ఏరి కోరి చివరి వరసలో, తల్లి మోకాళ్ళకు ఆనుకుని కూర్చుంది. ఇంకా ఏమీ మొదలవ్వలేదు, అప్పుడే రెండు అరచేతులూ చెవుల మీదికి వెళ్ళాయి. మోచేతులు రెండు వైపులా రెక్కల్లా నిలబడ్డాయి. పిట్ట అన్న పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు.

కుందేలు మామయ్య తల తగిలించుకుని వచ్చి బృందాన్ని పరిచయం చేశాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. తువ్వాళ్ళు కప్పిన డ్రమ్ముల వెనక ఉరుము కర్రలు రెండూ పైకెత్తి, ఏ పాటకైనా మొదలుపెట్టే పద్ధతిలోనే, వాటిని ఒకదానికొకటి తాటిస్తూ గట్టిగా అంది:

"ఒకటి! రెండు! మూడు! నాలుగు!"

"ఐదు!" అని అరిచారు పిల్లలందరూ ఒక్క గొంతుతో. "ఆరు! ఏడు! ఎనిమిది!"

నాలుగు అనగానే అలవాటు కొద్దీ తమ్ముడి గిటారు మోగింది. ఆరు దగ్గర బావ గిటారు తడబడుతూ వచ్చి చేరింది. ఉరుము చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఏ పక్కకి పోవాలో తెలియని బస్సులా పాట నాలుగు రోడ్ల కూడలిలో నిలబడిపోయింది. పిల్లలు మాత్రం ఏ బెదురూ లేకుండా "తొమ్మిది! పది!" అని ముగించి, తమకు తామే చప్పట్లు కొట్టుకున్నారు.

"ఆపండి, ఆపండి" అంది కార్యక్రమం నడిపే అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

కుందేలు తల ఇటు తిరిగింది. లోపలి నుంచి ముక్కు దిబ్బడ గొంతు: "నాదే పొరపాటమ్మా, ముందే చెప్పాల్సింది. మా ఆటలో నేను నాలుగు దాకా చెప్పి ఆపేస్తాను. అక్కడి నుంచి పది దాకా చెప్పడం వాళ్ళ పని. రోజూ అంతే. నాలుగు అన్నాక ఊరుకోమంటే వాళ్ళు ఊరుకోరు."

"మరి మేము నాలుగు అన్నాకే కదండీ మొదలుపెట్టేది" అన్నాడు తమ్ముడు.

"మీరు లోపల లెక్కపెట్టుకోండి, పైకి అనకండి" అని ఆ అమ్మాయి సలహా ఇచ్చింది.

రెండోసారి ఉరుము నోరు విప్పలేదు. కర్రలు మాత్రం తాటించింది, టక్, టక్, టక్, టక్. పిల్లలేమైనా అమాయకులా? "ఐదు!" అని ఈసారి ఇంకా గట్టిగా అందుకున్నారు. ముందు వరసలో పళ్ళు ఊడిన ఒక బుడతడు లేచి నిలబడి మరీ అరిచాడు.

"మరదలా, ఇది కచేరీ కాదు, లెక్కల పరీక్ష" అన్నాడు బావ చెమట తుడుచుకుంటూ. "నేను ఆ రోజుల్లోనే తప్పాను."

కెమెరా వెనక ఉన్నవాళ్ళంతా నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లో ఉరుము చూపు చివరి వరస మీద పడి అక్కడే నిలిచిపోయింది.

పిట్ట చేతులు చెవుల మీద లేవు. లెక్క పెట్టాలంటే వేళ్ళు కావాలి కదా! రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పది వేళ్ళూ విప్పి, నోరు తెరిచి ఉంది. తొమ్మిది, పది అన్నప్పుడు మడిచిన చివరి రెండు వేళ్ళ వైపు గర్వంగా చూసుకుంటోంది. మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని అమ్మమ్మ వైపు చూసింది. చేతిలో కర్రలున్న అమ్మమ్మ వైపు పిట్ట అలా కళ్ళు పెట్టి చూడడం అదే మొదటిసారి.

అప్పుడు ఉరుముకి తట్టింది. దానికి చప్పుడు అంటే భయం కాదు. కుందేలు మామయ్య అరిస్తే కేరింతలు కొడుతుంది, పక్క పిల్లలు చెవుల్లో గీపెడితే తనూ గీపెడుతోంది. చెప్పా పెట్టకుండా వచ్చి మీద పడిన చప్పుడు అంటేనే దానికి భయం. నిద్రలో అదే కదా జరిగింది! ఎప్పుడు వస్తుందో తెలియని దెబ్బ కోసం ఇన్నాళ్ళూ చెవులు మూసుకుని కాచుకుంది. అదే తను పిలిస్తే వచ్చే చప్పుడైతే?

ఆమె కుందేలు మామయ్యని దగ్గరికి పిలిచింది. "మీ లెక్క మీ ఇష్టం. పది దాకా చెప్పనివ్వండి. పది అన్నాక వస్తాను నేను."

తమ్ముడి వైపు, బావ వైపు తిరిగింది. "నాలుగుకి వస్తే ఊరుకోను. పదికి."

"పుట్టి బుద్ధెరిగాక పదికి వచ్చిన రాక్ పాట లేదక్కా" అన్నాడు తమ్ముడు.

"ఇవాళ పుడుతుంది."

అని, డ్రమ్ముల మీద పరిచిన తువ్వాళ్ళు ఒక్కొక్కటే లాగి వెనక్కి విసిరేసింది. అది చూసి కార్యక్రమం నడిపే అమ్మాయి రెండడుగులు ముందుకు వచ్చింది. "అమ్మగారూ, పిల్లలు..."

"ఒక్కసారి నన్ను నమ్ము తల్లీ. ఏడిస్తే మేమే ఊరుకోబెట్టి వెళ్తాం."

ధైర్యంగానే అంది. కానీ విసిరేసిన తువ్వాళ్ళ వైపు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తువ్వాళ్ళతో వాయిస్తే ఏ గొడవా లేదు, పిల్ల పాటంతా కూర్చుంటుంది, ఇంటికి పోవచ్చు. ఇప్పుడు వెయ్యబోయేది ఆనాటి దెబ్బే. ఇది గనక తప్పితే పిట్ట ఇక ఈ జన్మలో దగ్గరికి రాదు.

ఎర్ర దీపం వెలిగింది.

"ఒకటి! రెండు! మూడు! నాలుగు!"

"ఐదు!" ఉరుము నాలుగు అని ఆగగానే పిల్లల గొంతులు కప్పు దాకా లేచాయి. "ఆరు!" పిట్ట బొటనవేలు మడిచింది. "ఏడు! ఎనిమిది!" ఉరుము కర్రలు తల మీదికి లేచాయి. "తొమ్మిది!" పిట్ట మోకాళ్ళ మీద లేచింది.

"పది!"

పెద్ద పళ్ళెం మీదా, కాలి కింది డ్రమ్ము మీదా ఒకేసారి దెబ్బ పడింది. అట్ట సూర్యుడు మేకు మీద గిర్రున తిరిగాడు. తమ్ముడి గిటారు, బావ గిటారు భుజం భుజం కలిపి వచ్చి పడ్డాయి. ముందు వరస పిల్లలంతా ఒక్కసారి వెనక్కి వాలిపోయారు.

పిట్ట ఎగిరి పడింది. రెండు చేతులూ చెవుల వైపు లేచాయి. ఉరుము అది చూసింది గానీ చేతులు ఆపలేదు. పిట్ట చేతులు సగం దారిలో, బుగ్గల దగ్గర నిలిచిపోయాయి. తన వేళ్ళను తనే చూసుకుంది. పది అన్నది తనే కదా, అది వచ్చింది కదా అన్నట్టు. తర్వాత వెనకనున్న తల్లి మోకాలు చరుస్తూ, పకపకా నవ్వుతూ ఏదో అరిచింది. ఆ హోరులో తల్లికి వినబడలేదు. పెదాల కదలిక చూసిన అమ్మమ్మకు మాత్రం వినబడింది: మళ్ళీ!

చరణం అయ్యాక ఉరుము చెయ్యెత్తి పాట ఆపేసింది. అలా ఆపుతుందని గిటార్ల వాళ్ళకు కూడా తెలియదు. నిశ్శబ్దంలో కర్రలు నాలుగుసార్లు తాటించింది, పిల్లలు ఐదు నుంచి అందుకున్నారు, పదికి మళ్ళీ పిడుగు పడింది. ప్రతి చరణం తర్వాతా అదే వరస. పాత బస్సు ఆగడం, పిల్లలంతా పది దాకా తొయ్యడం, బస్సు కదలడం. కుందేలు మామయ్య గెంతి గెంతి ఒక చెవి ఊడగొట్టుకున్నాడు. బావ తప్పులు వాయించాడు, ఎవరికీ పట్టలేదు. మూడో చరణానికి పిట్ట చివరి వరసలో లేదు. పిల్లల మధ్య నుంచి దారి చేసుకుంటూ, ఒకళ్ళ కాలు తొక్కి, ఇంకొకళ్ళ చేత తిట్లు తిని, ముందు వరసలో ఆ పళ్ళూడిన బుడతడి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

ఏడ్చినవాళ్ళు లేకపోలేదు. పాట అయిపోయిందని ఇద్దరు ఏడ్చారు.

"ఇంకోసారి మామూలుగా నాలుగుకే వాయించి ఇస్తారా, జాగ్రత్తకి?" అని అడగబోయి, ఆ అమ్మాయే తల అడ్డంగా ఊపింది. "వద్దులెండి. ఇదే బాగుంది."

టీవీలో ఆ పాట వచ్చిన పొద్దున మంగలి షాపులో సగం గెడ్డాలతో ఉన్నవాళ్ళు కూడా లేచి నిలబడి చూశారు. డిపోలో పని ఆపి చూశారు. ఒకప్పుడు పందెం ఓడిన మేస్త్రీ, ఇప్పుడు పెద్దాయన, "ఆవిడకి పని నేర్పింది నేనే" అని పక్కవాళ్ళకు చెప్పాడట. చెప్పుకోనీ, పోయేదేముంది! వీధి పిల్లలు ఆమె కనబడితే చాలు ఐదు నుంచి మొదలుపెడుతున్నారు. బృందాన్ని పిల్లల కార్యక్రమాలకు పిలవడం మొదలుపెట్టారు. రాక్ బృందాలు చాలా ఉన్నాయి. పదికి మొదలుపెట్టే బృందం పాత టైర్లు ఒక్కటే.

ఒక సాయంత్రం బావ కుట్టిన చొక్కాలు ఇచ్చి పోదామని వచ్చి, షెడ్డు తలుపు తోశాడు. లోపల ఉరుము డ్రమ్ముల వెనక, రెండు కర్రలూ తల మీదికి ఎత్తి, కదలకుండా కూర్చుని ఉంది.

"ఏంటి మరదలా, చేతులు పైకెత్తావు, పోలీసులొచ్చారా?"

"ష్. తొమ్మిదైంది."

"ఎవరు లెక్కపెడుతున్నారు?"

ఆమె గడ్డంతో ఎదురుగా చూపించింది. డ్రమ్ముల ముందు చిన్న పీట ఉంది, దాని మీద ఎవరూ లేరు.

"మరి పదో?"

"దాహం వేస్తోందట. నీళ్ళు తాగొచ్చి చెప్తానంది."

"వెళ్ళి ఎంతసేపైంది?"

"వంటింట్లో బిస్కట్ల డబ్బా చప్పుడు కూడా అయింది."

"ఇంకేం వస్తుంది! దించు, చేతులు లాగుతాయి."

"నేను దించను. దించితే మళ్ళీ ఒకటి నుంచి అంటుంది." ఆమె మొహం వెలిగిపోతోంది. అంత పెద్ద హాళ్ళలో, అంత జనం ముందు కూడా ఆ మొహం అలా వెలగడం బావ చూడలేదు.

బావ చొక్కాల మూట కింద పెట్టాడు. గోడకు ఆనించి ఉన్న గిటారు అందుకుని భుజానికి తగిలించుకున్నాడు. వేలు తీగ మీద ఉంచి, ఆయన కూడా వంటింటి వైపు చూస్తూ నిలబడ్డాడు.